నూట పన్నెండు పేజీల ధీమా

మా బావమరిది యాభై నాలుగేళ్లు వచ్చేదాకా ఒక్క పరాయి పాదాన్ని ముట్టుకోకుండా బూట్ల కొట్టు నడిపాడు. అది గొప్పగా చెప్పుకోదగ్గ విషయమని అతని అభిప్రాయం. కిందటి ఏడు ఆ కొట్టు మూతపడటానికి పది రోజుల దూరం దాకా వచ్చి ఆగింది. ఎందుకు వచ్చిందో, ఎవరి వల్ల ఆగిందో ఇప్పుడు అతను వర్తక సంఘం సమావేశాల్లో మరోలా చెబుతున్నాడు కనుక, జరిగింది జరిగినట్టు రాయవలసి వస్తోంది. అతని మాటలకు ఆధారం అతని నోరు. నా మాటలకు కాగితాలున్నాయి, తేదీలతో, సంతకాలతో. సంతకాలు చాలావరకు అతనివే.

ఆ కొట్టు మా మామగారు పెట్టింది. అద్దాల వెనక వరసగా పేర్చి అమ్మే బూట్లు కావవి. ఒక కాలు పొట్టిగా పుట్టినవాళ్లకు, ప్రమాదంలో పాదం వంకర తిరిగినవాళ్లకు, చక్కెర జబ్బుతో వేళ్లు పోయినవాళ్లకు చేసేవి. ఒకరి జత మరొకరికి పనికిరాదు. ఆ మాటకొస్తే ఒక మనిషి ఎడమ బూటుకీ కుడి బూటుకీ చుట్టరికం ఉండదు. మామగారు మనిషిని మందపాటి కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసేవారు. ఆ గీతను బట్టి ప్లాస్టర్‌తో పాదం అచ్చు పోసేవారు. ఆ అచ్చు మీద తోలు బిగించి బూటు కుట్టేవారు. ఏడాదికో రెండేళ్లకో ఆ మనిషి తిరిగొస్తే పాత బూటు విప్పించి, లోపలి అట్ట ఎక్కడ అరిగిందో వేలితో తడిమి, అచ్చుకు ఒకచోట కాస్త ప్లాస్టర్ మెత్తి, ఇంకోచోట గీకి సరిచేసేవారు. అలా ఇరవై ఏళ్లు సరిచేసిన అచ్చులో ఒక మనిషి ఇరవై ఏళ్ల నడక ఉండేది. అందుకే ఆయన ఒక నియమం పెట్టారు. కొత్త జత తొడుక్కుని వెళ్లేవాళ్లు పాత జత కొట్టులోనే వదిలి వెళ్లాలి. ఎంతటివారు అడిగినా తిరిగి ఇచ్చేవారు కాదు.

ఆ ఇంట్లో పుట్టినవాడు మా బావమరిది. పుట్టగానే ఏడవడానికి కూడా ఎవరో ఒకరు చెప్పాలని చూశాడని మా ఆవిడ అంటుంది. వాడికి అక్క కనుక ఆమెకు తెలిసే ఉండాలి. పాదాల వాసన పడదని పనిగదిలోకి వచ్చేవాడు కాదు. తండ్రి పోయాక గల్లాబల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లతో తియ్యగా మాట్లాడి లోపలికి పంపడమే పని అనుకున్నాడు. బూటు కరుస్తోందని ఎవరైనా తిరిగొస్తే, "వాడగా వాడగా అదే సర్దుకుంటుందండీ" అనేవాడు. ఎవరు సర్దుకోవాలో, బూటో మనిషో, ఎన్నడూ చెప్పలేదు.

లోపల పని చేసింది కొలతలమ్మ. ఆమెకు అసలు పేరు ఉంది గాని, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఎవరికీ దాని అవసరం కలగలేదు. మామగారి దగ్గర కుట్టుపనికి చేరి, ఆయన చేతి పనంతా చూసి నేర్చుకుంది. మనుషుల ముఖాలు గుర్తుండవు ఆమెకు. పాదం చూస్తే మాత్రం ఏ ఏడు ఎక్కడ గీకిందో చెబుతుంది. ఇప్పుడు మోకాళ్లు వంగవు. ఎత్తుపీట మీద కూర్చుని చేస్తుంది.

మూడేళ్ల కిందట వర్తక సంఘంవారు చిన్న వ్యాపారాలకు ఆపదల గురించి ఒక తరగతి నడిపారు. నిప్పు, నీరు, దొంగ, కరెంటు, యజమాని మంచం పట్టడం, వీటిలో ఏది వచ్చినా వ్యాపారం ఆగకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలన్నది పాఠం. మంచి పాఠమే. దాన్ని సరిగ్గా విన్నవాడు ఇంటికొచ్చి ఒక తెల్లకాగితం తీసుకుని, ఏది పోతే నా పని ఆగిపోతుంది, దాన్ని ఇంకెక్కడ దాచగలను, నేను లేకపోతే ఎవరు చేస్తారు అని మూడు ప్రశ్నలు రాసుకుంటాడు. మా బావమరిది అలా చెయ్యలేదు. కాఫీ విరామంలో పరిచయమైన ఒక సలహాదారును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పని ఆ మనిషి కొట్టులో అరగంట ఉన్నాడు. అందులో పనిగదిలో గడిపింది, కొలతలమ్మ లెక్క ప్రకారం, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నంతసేపు. రెండు వారాల్లో నూట పన్నెండు పేజీల ప్రణాళిక వచ్చింది, నీలం అట్టతో, అట్ట మీద కొట్టు పేరుతో.

దాని నకలు ఒకటి ఆ వారమే తీయించి దగ్గర పెట్టుకున్నాను, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను కూడా. నాకు తెలిసినంతలో అలా చదివినవాణ్ని నేనొక్కణ్నే. నలభై ఒకటో పేజీలో, ప్రమాదం సంభవించినప్పుడు అతిథులను ఈత కొలను పక్కనున్న పచ్చిక మీదికి చేర్చవలెనని ఉంది. యాభై మూడో పేజీలో ప్రధాన వంటవాడి బాధ్యతలున్నాయి. ఏ హోటలు కోసమో రాసినదాన్ని తెచ్చి, పేరు మార్చి అంటగట్టాడన్న సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలుస్తుంది. నేను ఎర్ర సిరాతో గీతలు గీసి చూపించాను.

"మరీ అంత పట్టిపట్టి చదవకూడదు బావా. మొత్తం మీద భావం చూడాలి," అన్నాడు.

"భావమే చూశాను. మీ కొట్టులో ఈత కొలను ఎక్కడుంది?"

"నీకు ప్రతిదీ వెటకారమే. సంఘంలో ఇంకెవరికీ ఇంత లావు ప్లాను లేదు, తెలుసా?"

అందరి ముందూ లావు చూపించుకున్నాడు. పేజీలరాయుడు అని మా ఆవిడ అప్పుడు పెట్టిన పేరు చుట్టాలందరికీ పాకింది.

హోటళ్లకు వంటగది నిప్పు భయం కనుక ఆ పుస్తకంలో సగం నిప్పు గురించే ఉంది. వరద అధ్యాయం ఉండవలసిన చోట ఒకే ఒక పేజీ ఉంది. అందులో గడి ఉంది, గడిలో "వర్తించదు" అని టిక్కు ఉంది, కింద మా బావమరిది సంతకం ఉంది. ఊళ్లో నది లేదు గదా అన్నది కారణం. అప్పటిదాకా అచ్చులన్నీ పనిగది అటక మీద, కొయ్య అరల్లో ఉండేవి. అటక మీద ఉంటే నిప్పుకు ముందు అవే పోతాయని పుస్తకం బెదిరించింది. నిప్పు పైకి పాకుతుంది, కిందికి రాదు. కనుక అన్నీ నేలమాళిగలోకి దించాలని అతను తేల్చాడు.

కొట్టు వెనక ఏడు మెట్లు దిగితే ఆ నేలమాళిగ వస్తుంది. కిటికీ లేదు. పై అంతస్తులకు నీళ్లు ఎక్కించే ఇనుప గొట్టం దాని గోడ వెంటే పోతుంది.

కొలతలమ్మ మెట్ల పైనుంచే అడిగింది. "బాబూ, ఆ గొట్టానికి చెమట పడుతోంది. అతుకు దగ్గర గుడ్డ చుట్టి ఉంది, చూశారా?"

"గొట్టం అన్నాక చెమట పట్టదా అమ్మా?"

"నిప్పు కిందికి రాదు సరే. నీళ్లు వస్తాయి కదా."

"ప్లానులో నీళ్ల ఊసే లేదు," అన్నాడు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

అంతటితో ఊరుకున్నా సగం మిగిలేది. ప్రతి ముఖ్య విషయానికీ మూడు ప్రతులుండాలని పుస్తకం పదకొండో పేజీ. సంఘంలో మిగతావాళ్లు తల పట్టుకున్న నియమం అది. మా వాడికి మాత్రం నవ్వొచ్చింది. "మా నాన్న ఎప్పుడో చేశాడు బావా! కాగితం గీత ఒకటి, అచ్చు రెండు, పాత బూట్లు మూడు. ఒకటి పోయినా మిగతా రెంటి నుంచి మళ్లీ చేసుకోవచ్చు." ఆ ఒక్క మాటలో నిజం ఉంది. మామగారి పద్ధతిలో ఏ ఒక్కటి మిగిలినా మిగతావి పుడతాయి. ఆ నిజాన్ని కనిపెట్టిన మనిషి, మూడింటినీ ఒకే గదిలో, ఒకే గోడకు, ఒకదాని కింద ఒకటిగా అమర్చాడు. అలా అమర్చినట్టు అనుబంధం రాయించి సంతకం పెట్టాడు. దాని నకలూ నా దగ్గరుంది.

కిందటి ఏడు మూడు రోజులు వరసగా సెలవులు వచ్చాయి. నాలుగో రోజు పొద్దున కొలతలమ్మ తలుపు తీసి, వెనక మెట్ల దగ్గరికి పోయి, నాలుగో మెట్టు కనబడక ఆగింది. గొట్టం అతుకు విడిపోయింది. రోజుకు రెండుసార్లు తనంతట తానే తిరిగే మోటారు మూడు రోజుల నీళ్లను మాళిగలోకి తోడింది. ఆమె పోయి మోటారు మీట కట్టేసి, మా బావమరిదికి ఫోను చేసింది. ఆ ఫోను ఎలా సాగిందో ఆమె చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా.

"బాబూ, కింద నీళ్లు నిండిపోయాయి."

"కంగారు పడకమ్మా. ప్లాను ఉంది. నీలం ఫైలు తెరిచి మొదటి పేజీ చదువు."

"ఫైలు ఎక్కడుంది బాబూ?"

"కింద ఇనుప బీరువాలో."

ఆమె ఫోను పెట్టేసి నీళ్లు తోడేవాళ్లకు కబురు పంపిందట.

మధ్యాహ్నానికి నీళ్లు తోడించారు. అప్పటికి నేనూ వెళ్లాను. నీళ్లలో మూడు రోజులు నానిన ప్లాస్టర్ ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. పాదం ఆకారం అలాగే ఉంటుంది, చేత్తో ఎత్తితే వేళ్ల మధ్యనుంచి జారిపోతుంది. కాగితాలు ఒకే ముద్దగా అంటుకుపోయాయి. పాత బూట్ల జిగురు వదిలి, లోపలి అట్టలు ఊడి తేలాయి. నూట అరవై మంది నడకలో మిగిలింది పై అరలో ఉన్న పదకొండు అచ్చులు. ఇవి కాక బతికింది ఇంకొకటుంది. పేర్లూ చిరునామాలూ రాసుకునే పుస్తకం. గల్లాబల్ల మీది ఆ పుస్తకాన్ని కిందికి చేర్చాలని ప్రణాళికలో ఉంది. చేర్చడం మరిచిపోయాడు. అతని బద్ధకం వల్ల ఆ కొట్టుకు జరిగిన ఏకైక మేలు అదే.

మెట్ల మీద కూర్చుని కోటువాడికి ఫోను కలిపాడు. స్పీకరు పెట్టాడు కనుక మేమూ విన్నాం.

"అయ్యో, చాలా విచారకరమండీ," అన్నాడు కోటు. "దీన్ని అవకాశంగా తీసుకుందాం. నీటి అధ్యాయం చేర్చి రెండో ముద్రణ తెద్దాం."

"ఆయన్ని ఇక్కడికి రమ్మనండి బాబూ," అంది కొలతలమ్మ. "ఈ బురద ఎత్తడానికి మనిషి కావాలి."

ఆ సాయంత్రమే ఎముకల డాక్టరు వచ్చాడు. ఆ కొట్టుకు వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆయన పంపినవాళ్లే. కింద చూశాడు, పైకి వచ్చి నిలబడే మాట్లాడాడు.

"లెక్కల టీచరు జత మీరు ఒప్పుకున్నదే కదా. ఆవిడ ఎడమ బూటు అట్ట పగిలింది. బడి పది రోజుల్లో తెరుస్తారు. రోజంతా నిలబడే ఉద్యోగం. ఇవ్వగలరా?"

"తప్పకుండా సార్. మా ప్రణాళిక ప్రకారం నాలుగు గంటల్లో మామూలు పరిస్థితి..."

"నాకు గంటలు వద్దండీ. జత కావాలి. ఆవిడ పదకొండో రోజున మీ బూట్లతో బడికి నడిస్తే మిగతావాళ్లనూ మీ దగ్గరికే పంపుతాను. లేదా అందరినీ ఇవ్వాళే వేరే ఊరి కంపెనీకి రాసేస్తాను. వాళ్లు నడవాలి, మీకోసం ఆగలేరు."

టీచరు అచ్చు ఆ పదకొండింటిలో లేదు.

మర్నాడు మా బావమరిది తలుపు మీద కాగితం అంటించాడు. ఖాతాదారులు స్వయంగా విచ్చేసి కొలతలు మళ్లీ ఇవ్వగోరుతున్నామని. నేను చదివి చించాను, దాచాను. ఎవరిని రమ్మంటున్నాడు? ఆ మనుషులకు ఉన్నది కాళ్ల మీదున్న ఒక్క జత. పాత జతలన్నీ మనమే లాక్కుని ముంచాం. ఇరవై ఏళ్ల దిద్దుబాట్లు ఇప్పుడు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ ఒక్క జత లోపలే, అరిగిన అట్ట మీద పాదం పడ్డ గుంటల్లో ఉన్నాయి. అది విప్పి ఇస్తే ఇంటికి తిరిగి ఎలా వెళతారు?

దారి చెప్పింది కొలతలమ్మ. "మనమే ఇళ్లకు పోదాం. కాగితం, పెన్సిలు, ప్లాస్టర్ పట్టుకుని. వాళ్ల కుర్చీలో వాళ్లను కూర్చోబెట్టి, బూటు విప్పి, లోపల పలచటి గుడ్డ పరిచి ప్లాస్టర్ పోస్తే గుంటలన్నీ వచ్చేస్తాయి. ముప్పావు గంట. ఆరాక బూటు మళ్లీ తొడిగేద్దాం."

"మంచిది. నువ్వు వెళ్లు," అన్నాడు.

"నేలమీద కూర్చోవాలి బాబూ. నా మోకాళ్లు వంగవు. గీత మీరే గియ్యాలి."

"నేనా? యజమానిని నేను! ఇంటింటికీ పోయి కాళ్లు పట్టుకోమంటావా?"

"మీ నాన్నగారు నలభై ఏళ్లు పట్టుకున్నారు. చేతులేం అరగలేదు."

నావైపు చూశాడు. ఏమైనా అడ్డుపడతానని కాబోలు. ప్లాస్టర్ సంచి నా భుజాన వేసుకుని గుమ్మం దిగాను.

టీచరు ఇల్లు మొదటి అంతస్తులో, పొడుగాటి ఇరుకు నడవా చివర. తలుపు తీసి మమ్మల్ని ముగ్గురినీ ఒకసారి చూసింది. యాభై ఏళ్లుంటాయి. ఎడమ కాలు రెండంగుళాలు పొట్టి.

"ఇన్నాళ్లూ నేను మీ కొట్టుకొచ్చేదాన్ని. ఇప్పుడు కొట్టే నా ఇంటికొచ్చింది. అభివృద్ధే," అంది.

"చిన్న సాంకేతిక సమస్యండీ..." అన్నాడు మా బావమరిది.

"అచ్చులన్నీ నీళ్లపాలు చేశారని డాక్టరుగారు చెప్పారు. కూర్చోండి. కుర్చీలో కాదు, అది నాకు."

నేలమీద కూర్చున్నాడు. కొలతలమ్మ పక్కనే పీట వేయించుకుంది. బూటు విప్పడానికే అతనికి చాలాసేపు పట్టింది. తాడు ఏ వైపు నుంచి వదులు చెయ్యాలో తెలియలేదు. ఇరవై ఏళ్లుగా ఆ బూట్లను అమ్ముతున్నాడు. టీచరును కాగితం మీద నిలబెట్టి గీత మొదలుపెట్టాడు.

"పెన్సిలు నిటారుగా పట్టండి బాబూ," అంది కొలతలమ్మ. "లోపలికి వాల్చితే పాదం సన్నబడిపోతుంది."

"పట్టాను కదమ్మా!"

"పట్టలేదు. మళ్లీ గియ్యండి."

రెండోసారి బయటికి వాల్చాడు. "ఇదెవరి పాదం?" అంది టీచరు, వంగి చూసి. "మా తరగతిలో వృత్తం గియ్యలేని పిల్లలు కూడా ఇంతకన్నా దగ్గరగా వస్తారు." మూడోసారి నోరు మూసుకుని గీశాడు. ఆ గీత సరిపోయింది. మొదటి రెండు కాగితాలు పారేయబోతుంటే నేను తీసుకున్నాను.

రెండు బూట్లలోనూ ప్లాస్టర్ పోశాం. ఆరడానికి ముప్పావు గంట. టీచరు కుర్చీలో కూర్చుంది, ఉత్త పాదాలు నేలకు ఆనీ ఆనకుండా. వంటగదిలో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. ఆమె లేవబోయి, కుర్చీ చేతిని పట్టుకుని, మళ్లీ కూలబడింది. మా బావమరిది ఆ కూలబడటం చూశాడు. ఆరడుగుల దూరంలో ఉంది కుళాయి. అతను లేచి వెళ్లి కట్టేసి వచ్చాడు. అతని జీవితచరిత్రలో ఎవరూ చెప్పకుండా చేసినట్టు నేను నమోదు చేయగలిగిన మొదటి పని అదే.

అచ్చు పోయడం, గీకడం, తోలు బిగించడం కొలతలమ్మ ఎనిమిది రోజుల్లో ముగించింది. తొమ్మిదో రోజు జత పట్టుకెళ్లాం. టీచరు తొడుక్కుని నడవాలో నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకుంది.

"ఎడమది లోపలి వైపు మడమ దగ్గర వదులై, రాసుకుని కరుస్తోంది."

మా బావమరిది నోరు తెరిచాడు. "వాడగా వాడగా..." దాకా వచ్చాడు. కొలతలమ్మ చేతిసంచిలోంచి గీకే ఆకురాయి తీసి అతని ముందు పెట్టింది, అచ్చును కూడా. అక్కడే, ఆ నడవాలో, చెప్పులు విడిచే చోట కూర్చుని అతను గీకాడు. "అక్కడ కాదు, కిందికి." "ఎక్కువైంది, ఆపండి." ఆమె చెప్పింది, అతను గీకాడు. తోలు మళ్లీ ఆ అచ్చుకు బిగించి మర్నాటికి తెచ్చాడు. ఈసారి ఎవరూ పంపకుండా తనే తెచ్చాడని ఒప్పుకోవాలి.

పదకొండో రోజు పొద్దుటి నుంచి అతను గల్లాబల్ల వెనక కూర్చుని ఫోనువైపు చూస్తూ ఉన్నాడు. డాక్టరు నుంచి రాలేదు. భోజనాలయ్యాయి, రాలేదు. "వేరే కంపెనీకి రాసేసి ఉంటాడు బావా," అన్నాడు. ఓదార్చాలని నాకు అనిపించలేదు. నాన్న కొట్టును కాగితం మీద కాపాడి నీళ్లలో ముంచినవాడు ఒక్క పగలు భయపడితే అది ఎక్కువ శిక్షేం కాదు. బడి వదిలే వేళకు ఫోను మోగింది. డాక్టరు కాదు, టీచరు.

"ఆరు పీరియడ్లు నిలబడ్డాను," అంది. "ఎడమది బాగుంది. మధ్యాహ్నం డాక్టరుగారికి నడిచి వెళ్లి చూపించాను. రేపటి నుంచి మీ దగ్గరికి మనుషుల్ని పంపుతారట."

అతను కుర్చీలోనే కాస్త కిందికి జారాడు. "చాలా సంతోషమండీ, మా ప్రణాళిక..."

"కుడిది వేళ్ల దగ్గర బిగువుగా ఉంది. రేపు రండి."

"ఎల్లుండి వీలుగా ఉంటుందండీ. రేపు సంఘం సమావేశం, ఆపదల్లో మా అనుభవం గురించి మాట్లాడమన్నారు."

"రేపు అన్నాను."

"అలాగేనండీ," అన్నాడు.